కుడిచేతి మీద కబ్జా

ఎల్బీనగర్‌లో ప్లాట్ల బేరాలు చేసే అంజయ్యకు కబ్జా అనే మాట వింటే చాలు, ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. తండ్రి ఇచ్చిన పొలంలో సగం తనే అమ్ముకున్నాడు. మిగతా సగంలో ఎవడో ఒకడు వచ్చి హద్దురాళ్లు పాతిపోతూనే ఉండేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. నోటికి మాత్రం దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

డాక్టరు, రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అని రాసి, చైతన్యపురి నుంచి విజయదుర్గ అనే అమ్మాయిని ఇంటికి పంపాడు. ఆమెది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అవి తెలంగాణ ఉద్యమంతో నగరమంతా ఉడికిపోతున్న రోజులు. అంజయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆక్యుపేషన్ అంటే కబ్జానే గదా బిడ్డా? భూములైపోయినయ్, ఇగ నా చెయ్యి మీద పడ్డరా మీరు?"

విజయదుర్గకు నవ్వాగలేదు.

"కబ్జా అయిన మాట నిజమేనండీ బాబాయ్‌గారూ. చేసింది మాత్రం నేను కాదు. అదుగో, పిన్నిగారు!"

అంజయ్య భార్య ఆండాలు అప్పటికే పప్పన్నం ముద్ద కలిపి, మొగుడు నోరు తెరవడం కోసం చూస్తోంది. తినిపించడం ఆవిడే, గుండీలు పెట్టడం ఆవిడే, తల దువ్వడం ఆవిడే.

"గదేంది? ఆయన తింటే సగం అంగీ మీదనే పడుతది. నేను పెట్టకుంటే ఎవరు పెడతరు?" అని ఆండాలు గయ్యిమంది.

"పడనివ్వండి పిన్నిగారూ. బాబాయ్‌గారూ, ఏ పని చేసుకోలేకపోతున్నందుకు మీకు ఎక్కువ బాధగా ఉంది?"

అంజయ్య, తనకు తినిపించడం ఎవరూ చూడకుండా భార్య వేసిన కర్టెన్ వంక ఒకసారి చూశాడు. పదిమందిలో చిన్నపిల్లాడిలా నోరు తెరవలేక పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. త్వరలో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పూ ఉంది. ఉద్యమకారులు రోడ్డు మీదే వండుకుని, అక్కడే కూర్చుని తింటారు. తన ఊరివాళ్లంతా వస్తారు. పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"నలుగుట్ల కూసొని తినాలె బిడ్డా. నా చేత్తోని," అన్నాడు గొంతు తగ్గించి.

ఇంకేముంది, వైద్యం మొదలైంది. యంత్రాలు లేవు, గోలీలు లేవు. పల్లికాయలు ఒలవమంది, ఉతికిన బట్టలకు క్లిప్పులు పెట్టమంది, పిండి పిసకమంది. అంజయ్య నెత్తి బాదుకున్నాడు.

"గీ పనులకు ఫీజా? గివి నా పెండ్లాం ఉట్టిగనే చెప్తది గదా!"

అన్నం వేళ కంచం జారకుండా కింద తడిగుడ్డ పరిచి, ఆండాలును పక్క గదిలో కూర్చోమనేది. ఆవిడ కూర్చుంటుందా? మెతుకు కింద పడ్డప్పుడల్లా తలుపు చాటు నుంచి పరుగెత్తుకొచ్చేది. విజయదుర్గ మళ్లీ వెనక్కి పంపేది. మందు మొగుడికి, పథ్యం పెళ్లానికి అన్నట్టు తయారైంది ఇంటి పరిస్థితి. ఆకలితో పాటు పట్టుదలా పెరిగి, ముద్ద మెల్లగా నోటి దారి పట్టింది.

వంటా వార్పూ రోజు చౌరస్తాలో పొయ్యిలు వెలిగాయి. తుర్కయంజాల్ వైపు పోయే లారీలన్నీ ఆగిపోయాయి. ఆండాలు ఆడవాళ్లతో కలిసి పప్పు వండింది. అంజయ్య ఊరివాళ్ల మధ్య బంతిలో కూర్చున్నాడు. విస్తట్లో అన్నం, పప్పు పడ్డాయి. కుడిచేత్తో ముద్ద కలిపి ఎత్తాడు. మొదటి ముద్ద నేరుగా అంగీ మీదికి పోయింది.

"అన్నా, చెంచా తెప్పియ్యాల్నా?" అన్నాడు పక్కనున్న సీతారాములు.

అంజయ్య మళ్లీ ముద్ద కలిపాడు. పొయ్యి దగ్గర ఆండాలు గరిటె పట్టుకుని ఊపిరి బిగబట్టింది. రెండో ముద్ద నోట్లోకి చేరింది. అంజయ్య నమిలాడు. నమిలి మొహం చిట్లించాడు.

"ఏందే ఆండాలూ, గీ పప్పుల ఉప్పేది?"

చౌరస్తా అంతా వినబడింది. ఆండాలు కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. జబ్బు చేసిన నాటి నుంచి ఆయన ఆవిడ వంటకు ఒక్క వంకా పెట్టలేదు. ఇంకొకరి చేతి ముద్ద కోసం నోరు తెరిచేవాడు ఉప్పు తక్కువైందని ఏ మొహంతో అంటాడు? ఏది పెడితే అది మింగాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, రోడ్డు దద్దరిల్లేలా అరిచింది.

"ఉప్పు గావాల్నంటే లేసొచ్చి ఏస్కో! నీకు చేతుల్లేవా?"

అంతమందిలో పెళ్లాం చేత తిట్లు తిని అంతగా మురిసిపోయిన మగవాణ్ణి ఎల్బీనగర్ అంతకుముందెన్నడూ చూడలేదు.