చూపు తాడు మీద

రేవులో ఆమెను అందరూ చుక్కానమ్మ అంటారు. మొగుడు గాలం వేస్తే ఆమె ఇంజను దగ్గర కూర్చుని చిన్న పడవను నడిపేది. ఒడ్డు కనపడనంత దూరం పోయి ట్యూనా చేపలు పట్టే జంట వాళ్ళదొక్కటే. "మొగుడు చేపల్ని ఆడిస్తే, పెళ్ళాం మొగుణ్ణి ఆడిస్తుంది" అని రేవంతా వేళాకోళమాడేది.

ఆయన నోటినిండా సూత్రాలే. పక్షులు నీళ్ళలోకి దూకే చోట చేపలున్నట్టే. అయినా చేపల గుంపు మధ్యకి పడవ పోనివ్వకూడదు, బెదిరి లోతుకి దిగిపోతాయి, అంచునే పోవాలి. డీజిలు సగమయ్యేలోపే వెనక్కి తిరగాలి, ఎంత చేప ఊరించినా సరే. పట్టిన చేపకు వెంటనే నెత్తురు తీసి ఐసులో పెట్టాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం ఇది: "చేప పడ్డాక నన్ను చూడకు. గాలం తాడు నీళ్ళలో దిగే చోటే చూడు. అది పడవ కింద తిరిగే ఇంజను పంకాలో చిక్కుకుందా, చేపా పోతుంది, తాడూ పోతుంది."

ఆ రోజూ ఆమె అలాగే దూరాన తాడునే చూసింది. అది సర్రున పోతుంటే "పెద్దదే పడింది!" అని నవ్వుతూ అరిచింది కూడా. అప్పటికే తాడు చుట్ట కాలికి బిగుసుకుని ఆయన నీళ్ళలోకి పోయాడు. పిలిచాడో లేదో, ఇంజను చప్పుడులో వినపడలేదు. చూపు ఇటు తిప్పేసరికి పడవ ముందు భాగం ఖాళీ. ఎంత వెతికినా దొరకలేదు. చెప్పిన మాట విన్నందుకు ఇంత శిక్షా? దేవుడనేవాడు ఎదురుపడితే నిలదీసి అడగాల్సిన మాట ఇది.

పడవ మరిది చేతికి వచ్చింది. ఇంజను దగ్గర అతని భార్య కూర్చోవాలి. చుక్కానమ్మ తోటికోడలికి అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప.

"చేప పడితే ఎటు చూడాలక్కా?"

"మనిషిని చూడు. తాడు ఏ గంగలో కలిస్తే నీకెందుకు?"

"అన్నయ్య అలా చెప్పలేదు కదా వదినా!" అన్నాడు మరిది.

"నేను చెబుతున్నాను," అంది.

వాళ్ళు వెళ్ళిన రోజంతా ఆమె గట్టు మీదే కూర్చుంది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పొద్దువాలే వేళకు పడవ వచ్చింది. మరిది దిగుతూనే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చేతికొచ్చిన చేప పోయింది వదినా! తాడు పంకాలో పడి తెగింది. పడవ నడపమంటే ఇది నా మొహమే చూస్తూ కూర్చుంది!"

తోటికోడలు తల దించుకుంది. చుక్కానమ్మ లేచి మరిది రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"తిట్టు బాబూ, నోరారా తిట్టు," అంది. "నేను ఒక్కసారి తిరిగి చూసుంటే, మీ అన్నయ్య కూడా ఒడ్డుకొచ్చి నన్ను ఇలాగే తిట్టేవాడు."