ఎంతమంది ఉంటారు?

లిఫ్టు బాబాయి తన జీవితంలో లిఫ్టు ఉన్న ఇంట్లో ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదు. ముప్పై ఆరేళ్లపాటు ఊళ్లో సగం భవనాల లిఫ్టులు ఆయన చేతి చలవతో నడిచాయి. ఆయన మాత్రం మెట్లెక్కాడు. ఇందులో వింతేం లేదు. నడుస్తున్న లిఫ్టుకి మెకానిక్కుని ఎవరు పిలుస్తారు? ఆగిపోతేనే పిలుస్తారు, ఆగిపోయిన లిఫ్టులో పైకి వెళ్లడం కుదరదు, మోటారు గదేమో ఎప్పుడూ భవనం నెత్తిమీదే ఉంటుంది. సంచీ భుజాన తగిలించుకుని ఏడేసి, ఎనిమిదేసి అంతస్తులు ఎక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. రిటైరయ్యేనాటికి ఆయనకి మిగిలింది ఆ పేరూ, ఆ మోకాళ్లూ, కొద్దిపాటి పెన్షనూ.

పెళ్లికి ముందు ఆయనకి ఇల్లంటే నడుం వాల్చే చోటు, అంతే. వర్క్‌షాపు వెనక డాబా మీద రేకుల గది. నలుగురు మనుషులు, మూడు మంచాలు. ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ల మంచం మిగతావాళ్లది. వానకి కారినా, ఎండకి కాలినా ఎవరూ పట్టించుకోలేదు. పనికి దగ్గర, అద్దె తక్కువ. ఆ వయసులో ఇంతకంటే ఏం కావాలి.

పెళ్లయ్యాక ఇల్లు చూసే అధికారం భార్య చేతికి పోయింది. ఆవిడ ఇల్లు చూసే తీరు చూసి తీరాల్సిందే. ముందుగది వైపు తలైనా తిప్పేది కాదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, గట్టు ముందు నిలబడి, రెండు చేతులూ చాపి ఎత్తు చూసుకునేది. కుళాయి తిప్పి ధార చూసేది. గోడకి అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది. ఆవిడ పొట్టి మనిషి. గట్టు ఎత్తయితే, "ఇక్కడ నేను పీటెక్కి వండాలి" అని పెదవి విరిచి బయటికొచ్చేసేది. ఈలోగా ఇంటివాళ్లు ఆయన్ని గుమ్మంలో పట్టుకుని, "ఎంతమంది ఉంటారు?" అని అడిగేవాళ్లు. ఇళ్లు వెతకడంలో ఆయన వెలగబెట్టిన పని అదొక్కటే, ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం.

మొదట "ఇద్దరం" అన్నాడు. ఒక గదీ, వంటిల్లూ దొరికాయి. కూతురు బడికెళ్లే వయసొచ్చాక "ముగ్గురం" అన్నాడు. రెండు గదులు, బడి నాలుగడుగుల దూరం, గాలీ వెలుతురూ. మూడో అంతస్తు కాబట్టే ఆ అద్దె ఆయన జీతానికి అందింది. కూతురు పెళ్లయి వేరే ఊరు వెళ్లాక మళ్లీ ఇద్దరయ్యారు. "ఇక కిందింటికి మారిపోదాం, నీ మోకాళ్లు చూడలేకపోతున్నా" అని ఆవిడ చాలాసార్లు అంది. చూద్దాంలే అన్నాడు ఆయన. చూడకుండానే రెండేళ్ల కిందట ఆవిడ పోయింది.

ఇప్పుడు మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. పాలకోసం కిందికి దిగితే తిరిగి ఎక్కడానికి మధ్యలో రెండుచోట్ల కూలబడాలి. ఓ వారమైతే అసలు దిగనే లేదు. ఆ వారమంతా ఆయన మాట్లాడింది రేడియోతో. అది చెప్పడమే గాని వినేరకం కాదు కదా. కూతురు ఫోన్లో, "మా దగ్గరికి వచ్చెయ్ నాన్నా" అంది. ఆ గొంతులో ప్రేమ ఉంది, ఎక్కడ పడుకోబెట్టాలా అన్న బెంగా ఉంది. రెండు గదుల ఇల్లు, అత్తమామలతో కలిపి ఆరుగురు. ఎందులో ఎంతమంది పడతారో చెప్పడం ఆయన వృత్తి. "వస్తాలే తల్లీ, సెలవుల్లో" అన్నాడు.

కింది వాటా వెతుక్కోక తప్పలేదు. అయిదిళ్లు చూశాడు. అయిదు గుమ్మాల్లోనూ అదే ప్రశ్న, "ఒక్కణ్ణే" అని అదే జవాబు. ఒకాయన తన బావమరిది దిగుతానంటున్నాడన్నాడు. ఒకావిడ ఇంకా రంగులు వేయించాలంది; ఆ ముందురోజే వేసిన రంగు బాబాయి చొక్కాకి అంటుకుని ఇంటిదాకా వచ్చింది. ఒంటరి కుర్రాడైతే అల్లరి చేస్తాడని భయం, ఒంటరి ముసలాడైతే చస్తాడని భయం. గేటుకి టులెట్ బోర్డు తగిలించి, వచ్చిన మనిషినల్లా చూసి జడుసుకునే జాతి ఇంటివాళ్లది.

ఆరో ఇల్లు ఒక టైలరమ్మది. ముందు వాటాలో మిషను పెట్టుకుని రోజంతా కుడుతుంది. వెనక వాటా ఖాళీ. రెండే మెట్లు, ఒక గది, వంటిల్లు, అద్దె పెన్షనుకి అందేదే. ఆవిడ వంటిల్లు చూపిస్తుంటే బాబాయి గట్టు ముందు నిలబడి, తనకి తెలీకుండానే రెండు చేతులూ చాపాడు. గట్టు పొట్టిగా ఉంది. మా ఆవిడకి సరిగ్గా సరిపోతుంది అనుకున్నాడు.

"ఎంతమంది ఉంటారు బాబాయ్ గారూ?"

"ఇద్దరం" అన్నాడు.

టైలరమ్మ మొహం వికసించింది. "హమ్మయ్య. ఒంటరివాళ్లకి ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నానండీ. ఇంతకుముందు ఓ పెద్దాయన ఉండేవాడు. పోయాడు. మూడోరోజుకి గాని మాకు తెలీలేదు. గోడ ఇవతలే ఉన్నాను నేను. పాపం పిలిచాడో ఏమో, మిషను చప్పుడులో ఏం వినపడి ఛస్తుంది." తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

బాబాయి తాళంచెవి పట్టుకుని బయటికొచ్చేశాడు. వీధి చివర బస్టాపులో కూర్చున్నాడు. మా ఆవిడ కూతురి దగ్గరుంది, పైనెల వస్తుంది అని కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. టైలరమ్మ రోజూ అడుగుతుంది, తను రోజూ ఏదో ఒకటి చెబుతాడు. ఆ అబద్ధం చెప్పడం కష్టంగా ఉండదనీ, హాయిగా ఉంటుందనీ తెలిసిపోయింది. భయమేసింది. లేచి వెనక్కి వెళ్లాడు.

"తప్పు చెప్పానమ్మా. ఒక్కణ్ణే. మా ఆవిడ పోయి రెండేళ్లయింది. గట్టు చూసేసరికి..."

"గట్టు చూస్తే ఏమైంది?"

"ఆవిడ పొట్టిది."

టైలరమ్మ మిషను ఆపింది. "మీరు మంచివారే బాబాయ్ గారూ. కానీ మళ్లీ ఆ మూడురోజులు నేను పడలేను. ఏమీ అనుకోకండి."

ఆయన తాళంచెవి మిషను బల్ల మీద పెట్టి గేటుదాకా వెళ్లాడు. అక్కడ ఆయనలోని మెకానిక్కు ఊరుకోలేదు. తిరిగొచ్చాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఏం చేస్తారమ్మా? గంట నొక్కుతారు. నా దగ్గర అలాంటి గంటొకటి ఉంది. కరెంటు పోయినా మోగుతుంది, మీ మిషను చప్పుడు దాని ముందు ఎందుకూ చాలదు. నా మంచం దగ్గర బటన్ పెట్టి, మీ గోడకి గంట బిగిస్తాను. రోజూ తొమ్మిదింటికి ఒకసారి నొక్కుతాను. మోగిందా, నేనున్నట్టు. మీరు కుట్టుకుంటూనే ఉండొచ్చు, రానక్కర్లేదు. మోగకపోతేనే వచ్చి తలుపు తట్టండి."

టైలరమ్మ గోడ వంక చూసింది, ఆయన వంక చూసింది. తాళంచెవి మళ్లీ ఆయన వైపు జరిపింది.

వాటాలో దిగాక ఆయనకి పొద్దుటిపూట ఒక పని దొరికింది. ఎనిమిదికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచం మీద కూర్చుని గడియారం చూసేవాడు. తొమ్మిదవగానే నొక్కేవాడు. గోడవతల మిషను ఒక్క క్షణం ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఆ రోజుకి ఆయనకి దక్కిన పలకరింపు అదే. రానక్కర్లేదని తనే అన్నాడు, అన్నందుకు తనని తనే తిట్టుకునేవాడు.

మూడోవారంలో ఒకరోజు తొమ్మిదైంది. వేలు బటన్ మీద పెట్టాడు, నొక్కలేదు. తన తలుపు ఎవరైనా తడితే ఎలా ఉంటుందో వినాలనిపించింది. అయిదు నిమిషాలు దాటాయి. గోడవతల మిషను ఆగిపోయింది. కుర్చీ జరిగింది. పక్కసందులో చెప్పులు టపటపమంటూ పరుగున వస్తున్నాయి, "బాబాయ్ గారూ" అన్న పిలుపు వణుకుతోంది.

ఆ వణుకు విని ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. గట్టిగా నొక్కేశాడు.

చెప్పుల చప్పుడు సగం దారిలో ఆగింది. అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది.