కండ్లు మూసుకుని ఏసిన ఓటు

మమ్మల్ని చదువుతానని ఒక పిల్ల వచ్చింది, ఇన్నరా! పుస్తకాలు గాదు, మమ్మల్నే. మా పాల్వంచ కాలనీ ఆడోళ్ళను! గా పిల్ల చచ్చినా చెప్పది గనుక, గీ ముచ్చట నేనే చెప్తున్న.

పేరు వనజ. ఊరు బూర్గంపాడు అవతల అడివిల కోయగూడెం. హైదరాబాద్‌ల యూనివర్సిటీల సామాజిక మానవశాస్త్రం, రాజకీయాలు చదువుతున్నది. మనుషులు ఎట్ల బతుకుతరు, ఎవల మాట ఎందుకు చెల్లుతది, గదే చదువంట. నేను సంపూర్ణను. మా ఆయన ఎబినేజర్‌ది థర్మల్ స్టేషన్ల షిఫ్టు డ్యూటీ. మా ముందటర్ర ఖాళీగుంటే పిల్లకు కిరాయికిచ్చినం.

"నీ తోటోళ్ళందరు గూడేలకు పోతున్నరంటివి. నువ్వేంది, ఉల్టా మా తానకొచ్చినవ్?" అని అడిగిన.

"మా నాయనమ్మ జంపక్కను ఇప్పటికే మస్తుమంది అడిగిపోయిన్రు ఆంటీ. ఏం తింటవ్, ఎవల్ని మొక్కుతవ్, ఎవల మాటింటవ్ అని. చెప్పీ చెప్పీ ఆమెకు యాష్టకొచ్చింది. ఇగ అడిగే వంతు మాది" అన్నది. నవ్వి నవ్వి నా కడుపు చెక్కలైంది.

అడుగుడంటే అట్లిట్ల అడుగుడు గాదు తల్లీ! మీ ఇంట్ల ముందుగాల ఎవలు తింటరు? చర్చిల ముందు వరసల ఎవలు కూసుంటరు? చర్చి స్త్రీల సమాజానికి ఎప్పుడూ కరుణమ్మ గారే ఎందుకు ప్రెసిడెంటు? గీ ఆఖరి ప్రశ్నకు నా ఒళ్ళు మండింది. అవ్, ఎందుకు? పెండ్లయి ఈ కాలనీకి వచ్చిన కాడికెళ్ళి సమాజానికి చాయ్ పెట్టేది నేను. దవాఖానాల ఎవలన్న పడితే ఉరికేది నేను. శాలువా మాత్రం కరుణమ్మకు!

గా కోపంలనే ఈసారి ఎలక్షన్ల నా పేరిచ్చిన. ముచ్చట కాలనీ అంత గుప్పుమన్నది. గెలిస్తే కట్టుకునేటందుకు చీర గూడ తెచ్చి పెట్టుకున్న. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా ఆయన ఒకటే నవ్వుడు. నవ్వనీ. నాకైతే గా కుర్చీ కావాలె. బతుకంత గ్లాసులు కడుక్కుంటనే పోవాల్నా?

మా చర్చిల ఓటు తీరే వేరు. మొహమాటాలు రావద్దని అందరం ప్రార్థనల ఉన్నట్టు కండ్లు మూసుకుంటం. పాస్టర్ షాలేమ్‌రాజు అయ్యగారు ఒక్కొక్క పేరు పిలుస్తడు, మేం చేతులెత్తుతం, ఆయన లెక్కపెడ్తడు. గా రోజు కండ్లు తెరిచి ఉన్నది ఇద్దరే. ఒకరు అయ్యగారు, ఆయనేమో అద్దాలు ఇంట్ల మర్చిపోయి వచ్చిండు. ఇంకొకరు వెనక బెంచీల నా పక్కన కూసున్న వనజ. చూసుడే గదా ఆమె చదువు!

"కరుణమ్మ గారు" అన్నడు. నా పేరు ఎప్పుడొస్తదా అని చెవులు రిక్కించిన. "సంపూర్ణ గారు" అన్నడు. చెయ్యి ఆకాశానికి లేపిన.

లెక్క తేలింది. ఇద్దరికీ సమానం! గానీ ఓటేసే మనుషుల కంటె లేసిన చేతులు ఒకటి ఎక్కువ!

ఇగ సూడు లొల్లి! "అద్దాలు లేకుండ ఏం లెక్క అయ్యగారూ" అని వాళ్ళు, "ఎవలో రెండు పేర్లకూ చెయ్యెత్తిన్రు" అని వీళ్ళు. ఆఖరికి అందరి చూపు వనజ మీద పడ్డది. అందరికంటె గట్టిగ ఒర్లింది నేనే. "చెప్పవే పిల్లా! రెండు దిక్కుల చెయ్యెత్తిన దొంగ ఎవలో చెప్పు! చెప్పకుంటే రేపే నా అర్ర ఖాళీ చెయ్!"

వనజ నిలబడ్డది. "చెప్పను ఆంటీ. నమ్మి నన్ను మీ నడుమ కూసోబెట్టుకున్నరు. ఇయ్యాల మీ సంగతులు నేను బయటపెడ్తే, రేపు మా నాయనమ్మ సంగతి ఎవలన్న బయటపెట్టినప్పుడు ఇదేందని అడిగే మొఖం నాకెక్కడిది?" అన్నది. అనుకుంటనే నా కుడిచెయ్యి దిక్కు చూసింది. ఒక్క చూపే.

నా పై ప్రాణాలు పైనే పోయినయ్. ప్రభువా! కరుణమ్మ పేరు పిలవంగనే ఏండ్ల సంది ఉన్న అలవాటుకు నా చెయ్యి దానంతట అదే లేసింది! నా కుర్చీకి అడ్డం పడ్డది నా చెయ్యే!

"పిల్లను ఎందుకు సతాయిస్తున్రు మీరంత?" అని అందరి మీదికి లేసిన. అప్పటిదాక ఒర్లింది ఎవలో నాకు యాది లేనట్టే. "మళ్ళా పెట్టున్రి ఓటు! ఈసారి కండ్లు తెరిచే!"

అనుడైతే అన్న గానీ, కండ్లు మూసుకుని నాకు చెయ్యెత్తినోళ్ళు, కరుణమ్మ ముఖం ముందట ఎత్తుతరా? అయ్యగారు ముందుగాల ఆమె పేరే పిలిచిండు. నేను కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీదనే గట్టిగ కూసున్న. తర్వాత నా పేరు. ఒక్క చెయ్యి గూడ లేవలేదు. అప్పుడు ముందు బెంచీల ఒక గాజుల చెయ్యి లేసింది. ఎవల్దనుకున్నరు? అక్సాది, కరుణమ్మ సొంత కోడలిది! ఆమెను చూసి ఇంకోటి, దాన్ని చూసి ఇంకోటి. తొడ కిందికెళ్ళి నా చెయ్యి గుంజుకునేసరికి గెలుపు తేలిపోయింది. కరుణమ్మ లేసొచ్చి నన్ను కావలించుకుని, "మరి ఇగ చాయ్ ఎవలు పెడ్తరే?" అని చెవుల అడిగింది. ఇద్దరం పగలబడి నవ్వినం.

ఇంటికొచ్చి కొత్త చీర కట్టుకుని చాయ్ నేనే పెట్టిన, వనజకు. ఆమె ముఖం చూడాలంటే నాకు సిగ్గయితున్నది. "అర్ర సంగతి మర్చిపో బిడ్డా, కోపంల అన్న. గా చెయ్యి సంగతి మాత్రం జర..." అన్న మెల్లగ.

వనజ చాయ్ ఊదుకుంట తల ఎత్తింది.

"ఏ చెయ్యి ఆంటీ?" అన్నది.