నొల్బెర్తో వాకిట్లో ఆగిన మోటారు పడవ

అడవి చూడటానికి మా ఇకిటోస్ ఊరు వచ్చేవాళ్ళందరూ ముందు మా బెలెన్ పేటను చూస్తారు. అడవికి ముందు మమ్మల్నేదో బొమ్మల కొలువు పెట్టినట్టు! ఏరు పొంగితే మా ఇళ్ళు దుంగల మీద తేలుతాయి, ఏరు తగ్గితే బురదలో కూర్చుంటాయి. అందులో వింతేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేమూ అందరిలాగే ఆ ఇళ్ళలో వండుకుంటాం, గుడ్డలు ఉతుక్కుంటాం, మొగుళ్ళతో పోట్లాడుకుంటాం.

ఈ సంగతి తెలిసిన పడవవాడు ఒక్కడే ఉండేవాడు. మా పక్కింటి నొల్బెర్తో అహువనారి. నేను చేపల గంప నెత్తిన పెట్టుకుని మెట్లరేవుకు వెళ్ళేసరికి ఆయన తన చెక్క పడవ తుడిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఊరు చూడవచ్చేవాళ్ళ కోసం కూర్చుని ఉండేవాడు. మా నీటి సందులోకి తిరిగే ముందు తెడ్డుతో పడవ అంచు మీద కొట్టి, "మనుషులొస్తున్నారమ్మో!" అని కేకేసేవాడు. స్నానం చేస్తున్నవాళ్ళం గబగబా తెర లాక్కునేవాళ్ళం. ఎవరైనా కిటికీలోకి కెమెరా ఎత్తారో, పడవ వెనక్కి తిప్పేసేవాడు. "మీ ఇంట్లోకి నేనిలా తొంగిచూస్తే ఊరుకుంటారా?" అని మొహం మీదే అడిగేవాడు.

తర్వాత మోటారు పడవల కంపెనీ ఒకటి దిగింది. ఎండ తగలకుండా పైకప్పు, కూర్చోవడానికి మెత్తటి సీట్లు. ఎవరి ఇంట్లోకి ఎంతసేపు తొంగిచూసినా వద్దనే నాథుడు లేడు. ఇంకేం, జనం అటే ఎగబడ్డారు. నొల్బెర్తో మాత్రం అదే చొక్కా వేసుకుని రోజూ వెళ్ళి కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"ఎవరొస్తారని అన్నా, ఈ పడిగాపులు?" అని అడిగితే, "నన్ను ఎరిగినవాళ్ళు ఎవరో ఒకరు మళ్ళీ రాకపోరులే" అనేవాడు.

ఆయన భార్య లాస్తేనియా వదిన కూడా అదే నమ్మింది. జ్వరమొచ్చి ఆయన పోయేదాకా ఒక్కరూ రాలేదు.

చావింటికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టకుండా పంపడం మాలో లేదు. అక్కడ తిన్నవాళ్ళు సమాధి దాకా సాగనంపకుండా వెళ్ళిపోవడమూ లేదు. సమాధులేమో పై ఊళ్ళో ఉన్నాయి. నీళ్ళకాలంలో శవపేటిక మెట్లరేవు దాకా పడవలోనే వెళ్ళాలి. ఆయన పోయిన మర్నాడు పొద్దున, పడవ కోసం ఎదురుచూస్తూ, ఆకుల్లో చుట్టి ఉడికించిన హువానె అన్నం అందరికీ పంచుతున్నాం. అంతలో మోటారు పడవ ఒకటి సరిగ్గా వాకిటికి అడ్డంగా వచ్చి ఆగింది. రాజధాని లీమా నుంచి ఊరు చూడవచ్చిన జనం బిలబిలమంటూ లోపలికి వచ్చారు.

వదిన ముఖం వెలిగిపోయింది. "వచ్చారే ఎదెల్మీరా! మీ అన్న చెప్పలా, వస్తారని?" అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే లేచింది. బంధువుల్ని లేపి మరీ వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టింది. కోడిముక్క పెద్దది పడ్డ పొట్లాలు ఏరి వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళు తిన్నారు. ఒకావిడ వదిన చెయ్యి పట్టుకుని ఓదార్చింది కూడా. నేనూ నమ్మేశాను.

అప్పుడు వాళ్ళను తెచ్చిన గైడు ఎల్మెర్ చప్పట్లు కొట్టాడు. వీడు పుట్టిందీ పెరిగిందీ మా పేటలోనే, ఖర్మ! "తిన్నాక ఫొటోలు తీసుకోండి సార్. పెట్టె పక్కన నిలబడితే బాగా వస్తాయి. ఇలాంటిది రోజూ దొరకదు."

కెమెరాలు లేచాయి. నేను వాడి కాలర్ పట్టుకున్నాను.

"ఒరేయ్, సిగ్గుందా నీకు? చావింట్లో ఫొటోలేంట్రా?"

"నామీద అరుస్తావేంటి పిన్నీ! దారిలో కనబడింది, చూపించా. పోయిందెవరో వాళ్ళకేం తెలుసు? ఇంకాసేపట్లో కోతుల్ని చూపించాలి వీళ్ళకి."

వాడి గొంతు ఇల్లంతా వినబడింది. బయట, పెట్టెను తీసుకెళ్ళడానికి వచ్చిన మా తమ్ముడి పడవ దారి లేక ఆగిపోయింది. "అడ్డంగా పెట్టిందెవడ్రా!" అని వాడు కేకలేస్తున్నాడు.

వదిన ఆ లీమావాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. "మీలో ఎవర్నైనా మా ఆయన తన పడవలో తిప్పాడా?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒక్కర్ని కూడానా?"

ఓదార్చినావిడ తల దించుకుంది. "లేదమ్మా. మేం ఈ ఊరు రావడం ఇదే మొదలు."

వదిన శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె అరచేత్తో ముఖం తుడుచుకుని ఎల్మెర్ వైపు తిరిగింది. "నువ్వు మా పేట పిల్లాడివేగా. వీళ్ళు తిన్నారు. తిన్నవాళ్ళేం చెయ్యాలో చెప్పు."

"వీళ్ళకి టైం లేదత్తా. కంపెనీవాళ్ళు నా ఉద్యోగం పీకేస్తారు," అని వాడు నీళ్ళు నమిలాడు.

నేను వెళ్ళి వాడి పడవ మోటారు మీద చతికిలబడ్డాను. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యరా, చూస్తా!"

లాస్తేనియా వదిన శవపేటిక మీద చెయ్యి వేసి, ఆ లీమావాళ్ళతో నెమ్మదిగా అంది: "ఆయన మిమ్మల్ని ఎక్కించుకోలేదు. పోనీ, మీరే ఆయన్ని ఎక్కించుకోండి. ఆ కెమెరాలు కింద పెట్టండి, రెండు చేతులూ కావాలి."