మీసాలున్న ముందుమాట

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. "కావచ్చమ్మా" అన్నాను. దానికి ముందు ఒక అబద్ధం, ఆ అబద్ధానికి ముందు కొన్ని నెలల బద్ధకం ఉన్నాయి. అవీ నావే. కానీ ఇప్పటికీ గుర్తొస్తే తల వంచుకునేలా చేసేది మాత్రం ఆ మాటే.

బాన్సువాడలో మా రచయితల బృందం నెలకోసారి, రెండో ఆదివారం కలుస్తుంది. బస్టాండు దగ్గర ఒక ట్యూషన్ సెంటర్ మేడమీది గది మాకిస్తారు. బోర్డు మీద శనివారం నాటి లెక్కలు అట్లాగే ఉంటాయి, తుడవడానికి మాకు అనుమతి లేదు. వర్ని నుంచీ కోటగిరి నుంచీ బైకుల మీద వస్తారు. మద్నూర్ నుంచి వచ్చే ఒకాయన కవిత చదువుతూ చదువుతూ మరాఠీలోకి వెళ్ళిపోతాడు, మేం చెయ్యెత్తితే మళ్ళీ తెలుగులోకి వస్తాడు. మాకో నియమం కూడా ఉంది. కథ చదివిన మనిషి, దానిమీద చర్చ నడిచినంతసేపు అందరికీ చాయ్ పోస్తూ ఉండాలి, నోరు విప్పకూడదు. చేతిలో కెటిల్ ఉంటే వాదన తగ్గుతుందని పెట్టుకున్నాం. గట్టిగా విమర్శించినవాళ్ళ గ్లాసులో చాయ్ సగమే పడుతుందని మాత్రం అందరికీ తెలుసు.

ఆ గదిలో అందరికంటే పెద్దవాణ్ణి నేను. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా టేబుల్ వేసుకుని ఇళ్ళ కాగితాలు, ప్లాట్ల కాగితాలు రాస్తాను. మా పనిలో ఎవరూ ఏదీ కొత్తగా రాయరు. పాత దస్తావేజు ఒకటి కంప్యూటర్లో తెరుస్తాం. అమ్మేవాళ్ళ పేరు, కొనేవాళ్ళ పేరు, నాలుగు హద్దులు మారుస్తాం. మిగతాదంతా అట్లాగే ఉంటుంది, ఉండాలి కూడా. నా చెయ్యి ఆ పద్ధతికి ఎంత అలవాటు పడిపోయిందో నాకు ఆ ఆదివారం దాకా తెలియలేదు.

రెండేళ్ళ కింద మా బృందంలోకి ఒకావిడ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. దవాఖానలో ఓపీ చీటీలు రాస్తుంది. అమ్మా నాన్నా కూలికి పోయినవాళ్ళు, ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటి మనిషి తనే. కౌంటర్ దగ్గర విన్నవీ కన్నవీ కథలుగా రాసింది, మొత్తం పదకొండు. ఒకరోజు వాటి జిరాక్సు ప్రతిని గుడ్డసంచిలో పెట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, ఇంట్ల అందరు నీకెందుకే పుస్తకాలు అంటుండ్రు. మీరు చదివి అచ్చెయ్యొచ్చు అంటే ఏస్త. వద్దంటే గీ సంచిలనే ఉంటయి. ఇగ ఇంకెవ్వర్నీ అడగ."

"చదువుతనమ్మా. ముందుమాట గూడ నేనే రాస్త" అన్నాను. ఆమె అడగకముందే అన్నాను. నా చుట్టూ కాగితాలు రాయించుకోవడానికి వచ్చిన పార్టీలు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు ఒక రచయిత్రి వచ్చి నన్ను సార్ అని అడగడం నాకు చాలా బాగుంది. ఆ బాగుండటం కోసమే మాటిచ్చాను.

ఆ రాత ప్రతిలో నేను చదివింది ఒకటిన్నర పేజీ. పెళ్ళిళ్ళ ముందు ప్లాట్లు అమ్ముకునేవాళ్ళ రద్దీ వచ్చింది, సంచి టేబుల్ కిందికి చేరింది. నెల తర్వాత ఆమె అడిగితే "బాగున్నయమ్మా, అచ్చెయ్యి" అన్నాను. "పదకొండూ బాగున్నయా సార్?" అంది. "పదకొండూ" అన్నాను. ఆమె సంతోషంలో ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే నేను దొరికిపోయేవాణ్ణి, మంచిదయ్యేది.

ఇంకో రెండు నెలలకు, మా సమావేశంలో పుస్తకం అచ్చుకు ఎట్లా సిద్ధం చేసుకోవాలో నేర్పడానికి నిజామాబాద్ నుంచి ఒక డీటీపీ అతన్ని పిలిచాం. నేర్పడానికి ఒక నిజమైన పుస్తకం ఉంటే బాగుంటుందని అతనంటే, ఆమె పుస్తకమే తీసుకున్నాం. పేజీలన్నీ అయిపోయాయి, ముందుమాట ఒక్కటే రావాలి. శనివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసి, మొహమాటంగా గుర్తు చేసింది. అప్పుడు నా ముందు ఒక సేల్‌డీడ్ సగంలో ఉంది. ఏం చేశానో ఇప్పుడు చెప్పక తప్పదు. మూడేళ్ళ కింద మా బృందంలోనే ఉన్న మిత్రుడొకాయన కవితల పుస్తకానికి రాసిన ముందుమాట కంప్యూటర్లో ఉంటే తెరిచాను. ఆయన కోటగిరి వైపు చెరుకు రైతు, మేం వావి కలుపుకుని బావా అంటే బావా అనుకుంటాం. పుస్తకం పేరు మార్చాను, మనిషి పేరు మార్చాను, కవితలు అని ఉన్నచోటల్లా కథలు అని పెట్టాను. ఆమె ఫోన్‌కి పంపించి సేల్‌డీడ్‌లోకి తిరిగి వెళ్ళాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆదివారం డీటీపీ అతను ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద పేజీలు చూపిస్తున్నాడు. మార్జిన్లు, అక్షరాల సైజు, ఫాంటు మారితే ఒత్తులు ఎట్లా ఎగిరిపోతాయో చెప్పాడు. హుషారైన మనిషి, చెప్పే పద్ధతి కూడా బాగుంది.

"ముందుమాట ఎప్పుడైనా కుడిపక్క పేజీల మొదలు కావాలె. ఇగో, గిది మేడం పుస్తకం. ఎవరన్న చదువుండ్రి, తప్పులు ఎట్ల పట్టాల్నో చూద్దాం."

"నేనే చదువుత" అని ఆమె లేచింది. "సార్ పంపంగనే అన్నకు పంపిన గని, నేను చదవలే. మీ అందరి ముందట మొదటిసారి చదవాలని ఆగిన."

నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. మొదటి పేరా బాగానే గడిచింది. రెండో పేరాలోకి వచ్చింది.

"ఈ రచయిత పొద్దున్నే చెరుకు తోటకు నీళ్ళు పెట్టి, మీసాల మీది చెమట తుడుచుకుని కలం పట్టే మనిషి..."

గొంతు ఆగింది. తర్వాత వెనక బెంచీ నుంచి "అక్కా, ఎప్పటిసంది పెంచుతున్నవ్?" అని ఎవరో అన్నారు. గది గదంతా విరగబడి నవ్వింది. మద్నూర్ ఆయన మరాఠీలో ఏదో అని తనొక్కడే ఇంకాస్త ఎక్కువ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నావైపు చూసింది, ఏదో ఒకటి చెప్పు సార్ అన్నట్టు.

చెప్పాను. "డీటీపీల ఏదో కలిసిపోయినట్టుంది. వేరే పుస్తకం ముక్క దీంట్ల పడ్డది" అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది. "నేనేం కలుపలే సార్. మేడం పంపింది ఉన్నదున్నట్టు పెట్టిన."

"నేనే ఆగం చేసిన్నేమో" అందామె వెంటనే. "ఫైలు ఒకసారికి దిగలే, రెండుసార్లు దింపిన. అప్పుడే నా ఫోన్ల ఏదన్న కలిసి ఉంటది. గదేనా సార్?"

ఆ తలుపు ఆమే తెరిచి పెట్టింది. నేను అందులోంచి బయటపడ్డాను. "కావచ్చమ్మా."

"అయితే ఇగ గీ పుస్తకం ఆపుండ్రి అన్నా" అంది డీటీపీ అతనితో, ఇంకా నవ్వుముఖంతోనే. "ముందుమాట సక్కగ పంపరానిదాన్ని పుస్తకమేం ఏస్త. ఇంట్ల అనేది నిజమే." గోడ మీంచి పేజీ తీసేయమంది. అతను తీసేశాడు. అందరూ వద్దు వద్దన్నారు కానీ, ఆమె బ్యాగు సర్దుకుని, బస్సుందని చెప్పి వెళ్ళిపోయింది.

సమావేశం అయ్యాక కింద మా బావ బైకు తీస్తూ నన్ను ఆపాడు. ఆయనకు మీసాలున్నాయి, పెద్దవే. వాటిని రెండు వేళ్ళతో సవరించుకుని అన్నాడు.

"బావా, నా మీసాలు నాకెప్పుడు తిరిగిస్తవ్?"

నేను జేబులో లేని కళ్ళజోడు వెతుక్కున్నాను.

"గా ముందుమాట ఫ్రేం కట్టించి ఇంట్ల పెట్టుకున్న. మొత్తం నోటికొస్తది. పైన మస్తు ఓర్సుకున్న, లేకుంటే తర్వాతి లైను నేనే అందుకుందు." బైకు మీద కూర్చుని అడిగాడు, "నిజం చెప్పు, నాకు రాసింది గూడ ఇంకెవరిదన్న తెచ్చి అతికిచ్చినవా?"

"లేదు బావా, ఒట్టు. నీది నీకే రాసిన. మూడుసార్లు చదివి రాసిన."

"గట్లనా. నాది చదవనీకి టైం దొరికింది, గా పిల్లది చదవనీకి దొరకలే." బైకు స్టార్ట్ చేశాడు. "నాకేం ఫికర్ లేదు బావా. నా మీసాలు నాకున్నయి. ఆమె పుస్తకమే పోయింది."

ఇంటికి కాదు, టేబుల్ దగ్గరికి పోయాను. ఆదివారం కాబట్టి కాగితాలు రాసేవాళ్ళెవరూ లేరు, పక్కన జిరాక్స్ షాపు ఒక్కటే తెరిచి ఉంది. కింది నుంచి సంచి తీసి మొదటి కథ నుంచి మొదలుపెట్టాను. మూడో కథలో ఒక అవ్వ ఉంది. చీటీ రాసేటప్పుడు వయసెంత అని అడిగితే "నీకెంత అనిపిస్తే అంత రాయి బిడ్డా" అంటుంది. వచ్చినప్పుడల్లా చీటీ రాసే అమ్మాయి ఒక రెండేళ్ళు తగ్గించి రాస్తుంటుంది. చీటీలన్నీ దాచుకున్న అవ్వ ఒకరోజు చదువొచ్చిన మనవరాలితో లెక్క చూపించి, "నేను ఇంకొన్నిసార్లొస్తే నా పెండ్లి మళ్ళ చెయ్యాలె మీరు" అని గొడవ పెట్టుకుంటుంది. ఒక్కణ్ణే కూర్చుని పైకి నవ్వాను. పక్క జిరాక్స్ షాపతను ఏమైందోనని తొంగి చూశాడు. పదకొండో కథ అయ్యేసరికి పొద్దు వాలింది. పదకొండూ బాగున్నాయని నేను చెప్పింది దాదాపు నిజమే. ఒక్క ఏడో కథ మాత్రం మధ్యలో సాగింది. నిజం చెప్పానని తెలిసి ఊరట కలగలేదు. తెలియకుండా చెప్పిన నిజాన్ని నేను నాదని చెప్పుకోలేను.

మరునాడు పొద్దున దవాఖానకు పోయి, ఓపీ లైన్లో నిలబడ్డాను. పక్కనుంచి పోయి పిలవొచ్చు. కానీ ఆమె పనిచేసే చోట ఇంకో తొందర చూపించే ధైర్యం నాకు లేకపోయింది. నా వంతు వచ్చింది. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"పేరు? ఏం బాధ?"

"నేనేనమ్మా. నిన్న అబద్ధం చెప్పిన. నీ ఫోన్ తప్పు గాదు, గా డీటీపీ తమ్ముని తప్పు గాదు. పాత ముందుమాట తెచ్చి పేరు మార్చి నేనే పంపిన."

తలెత్తింది. వెనకనుంచి ఒక ముసలాయన "ఏంది పెద్దమనిషీ, దవాఖాన్ల ముచ్చట్లు పెట్టినవ్? దగ్గుతోటి సస్తున్న ఇక్కడ" అన్నాడు.

"అయితే కథలు చదవలేదా సార్?"

"నిన్న చదివిన. అచ్చెయ్యిమని చెప్పినప్పుడు చదవలే."

చేతిలో పెన్ను కింద పెట్టింది. తర్వాత పక్కకు వంగి, నా భుజం మీదుగా "తర్వాతోళ్ళు రాండ్రి" అంది. నేను జరిగాను. దగ్గు ఆయన ముందుకొచ్చాడు.

కౌంటర్ మూసేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. బయటికొచ్చి, నాకు కొంచెం దూరంగా అదే బెంచీ మీద కూర్చుంది.

"నాకు జెప్పుడు గాదు సార్. నిన్న అందరు నన్ను జూసి నవ్విండ్రు. గా అన్న ముఖం గూడ మాడిపోయింది. ఆళ్ళకు జెప్పుండ్రి."

"చెప్త. ఇప్పుడే."

"సరే గని, కథలెట్లున్నయి? ఈసారి నిజం చెప్పుండ్రి."

చెప్పాను. అవ్వ కథకు నవ్వానన్నాను. ఏడో కథలో రెండు పేజీలు ఎక్కువయ్యాయన్నాను.

"ఎక్కువ గాలేవు" అంది గట్టిగా. "ఆ రెండు పేజీలు తీస్తే ఆయన దవాఖానకు ఎందుకొచ్చిండో ఎవ్వరికి తెల్వది. మీరు సక్కగ చదివిండ్రా అసలు?"

నిజమే, ఆ కారణం నేను గమనించలేదు. ఆమె ఒక్కో వేలు మడుస్తూ లెక్కపెట్టి చెప్పింది. కథ రాసిన మనిషి నోరు విప్పకూడదన్న చాయ్ కెటిల్ నియమం అక్కడ లేకపోవడం నా అదృష్టం. వాదన అయ్యేసరికి ఆ రెండు పేజీల్లో ఒక పేరా తీయడానికి ఒప్పుకుంది, మిగతాది ఉండాల్సిందేనని నేను ఒప్పుకున్నాను.

అక్కడే, ఆమె ముందే, డీటీపీ అతనికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "సార్, నేను ఇంటికొచ్చి ఆ ఫైలు నాలుగుసార్లు చూసుకున్న, యాడ తప్పు చేసిన్నా అని" అన్నాడు. ఆ మాట వినడం కష్టమైంది. తర్వాత బృందం వాట్సాప్‌లో పెట్టడానికి నా మాటలు రికార్డు చేశాను. మొదటిసారి పనుల ఒత్తిడి గురించి రెండు మాటలు వచ్చాయి, చెరిపేశాను. రెండోసారి వయసు గురించి వచ్చింది, అదీ చెరిపేశాను. మూడోసారి జరిగింది మాత్రమే చెప్పి పంపించాను. ముందుగా మా బావ ఒక దండం బొమ్మ పెట్టాడు. తర్వాత వెనక బెంచీ అతను, "అక్కా, నిన్న ఎక్కువ నవ్విన, ఏమనుకోకు. పుస్తకం ఆపకు" అని రాశాడు.

ఆమె ఆ మాట రెండుసార్లు చదివి ఫోన్ బ్యాగులో పెట్టింది.

"మళ్ళ ముందుమాట రాస్తనమ్మా, ఈసారి కుదురుగ" అన్నాను.

"వద్దు సార్. గా పేజీ ఖాళీ ఉండనీయుండ్రి. మీరు ప్రూఫులు చూడుండ్రి, అన్ని పేజీలు. గా అన్నకు పని మొదలుపెట్టుమని నేనే చెప్త."

ఆ వారమంతా మధ్యాహ్నం తర్వాత కొత్త పార్టీలను తీసుకోలేదు. టేబుల్ మీద ప్రూఫులు పెట్టుకుని, ప్రతి వాక్యం పైకి చదువుతూ దిద్దాను. ఎగిరిపోయిన ఒత్తులు చాలానే దొరికాయి. గురువారం నాడు ఐదో కథలో ఒక తల్లి నోట నేనెప్పుడూ వినని మాట ఒకటి వచ్చింది. డీటీపీలో దొర్లిన తప్పో, వాళ్ళ ఇంట్లో అనే మాటో తెలియలేదు. నాకు తెలిసిన మాట పెట్టేస్తే అర్థం సరిపోతుంది. ఎర్రపెన్ను పక్కన పెట్టి, ఫోన్ తీసి ఆమెకు కలిపాను.