నీలిగళ్ల చొక్కా

దుర్గాదేవి గురించి రాయాలంటే ముందు నా మీద నాకే కోపం వస్తుంది. కలిదిండి దగ్గర మా ఊళ్లో బడిపంతులుని నేను. ఆ సినిమావాళ్లను ఆమె గుమ్మంలోకి తీసుకెళ్లింది నేనే.

ఆమె భర్త సత్తిబాబు చేపల చెరువుల్లో మేత వేసేవాడు. తవుడు నింపిన సంచుల్ని పడవలో తీసుకెళ్లి చెరువులో పాతిన గెడలకు కట్టేవాడు. నిరుడు చెరువు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. దినం నాడు అతని బట్టలన్నీ చాకలికి ఇచ్చేయాలి. దుర్గాదేవి ఒక నీలిగళ్ల చొక్కా మాత్రం దాచేసింది.

"పోయినోడి బట్ట ఇంట్లో ఉంచకూడదే" అని అత్త పెద్దింటమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. దుర్గాదేవి వినలేదు. ఎనిమిదేళ్ల కూతురు చాందిని ఆ చొక్కా ముఖాన కప్పుకుంటేనే నిద్రపోయేది. ఉతకనిచ్చేది కాదు. దానికి తవుడు వాసన, తండ్రి చెమట వాసన. తండ్రి పోయాక ఆ పిల్ల ఒక్కసారీ ఏడవలేదు.

హైదరాబాదు నుంచి కృష్ణచైతన్య అనే కుర్ర డైరెక్టరు వచ్చాడు. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల కథ, పాటలూ ఫైట్లూ లేని చిన్న సినిమా. ఇక్కడి పిల్లే కావాలన్నాడు. నలుగురిలో పడితే తేరుకుంటుందని చాందినిని చూపించాను. అంతటితో ఊరుకున్నానా, చొక్కా సంగతి కూడా వాగాను. తండ్రి వేషానికి అది ఒక్కరోజు ఇప్పించమన్నాడు.

"పాపనడిగి ఇస్తానండీ" అంది దుర్గాదేవి.

"అడిగితే ఇవ్వదమ్మా. ఒక్కరోజే కదా!" అన్నాను.

"మీరు చెప్తే కాదంటానా అండీ, మాస్టారూ" అని తెచ్చి నా చేతిలో పెట్టింది.

చాందినిని చెరువుగట్టున నిలబడమన్నారు, అంతే. పడవలో నీలిగళ్ల చొక్కా వేసుకున్న మనిషి, వీపు ఇటు తిప్పి, గెడ వేసుకుంటూ పోతున్నాడు. "నాన్నా!" అని అరుస్తూ పిల్ల నడుంలోతు నీళ్లలోకి దూకింది. ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఎవరో. అప్పుడు ఏడ్చింది చూడండి! కెమెరా ఆపలేదు వాళ్లు. నేనూ ఆపమనలేదు.

చొక్కాను మర్యాదగానే తిరిగి ఇచ్చారు, డ్రైక్లీనింగ్ చేయించి, ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి. చాందిని వాసన చూసి, "ఇది నాన్నది కాదు" అని పక్కన పడేసింది.

మొన్న ఏలూరులో ఆ సినిమా వేశారు. హాలంతా కళ్లొత్తుకుంది. "పాప ఎంత సహజంగా చేసిందండీ!" అని ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తల్లీకూతుళ్లు రాలేదు.

మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మొగుడి పని ఇప్పుడు దుర్గాదేవే చేస్తోంది. పనిలోకి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగాళ్ల చొక్కా తొడుక్కోవడం మా వైపు మామూలే. ఆమె తొడుక్కున్నది ఆ నీలిగళ్ల చొక్కా. రెండు నెలలుగా ఉతకలేదట.

"తవుడు మోస్తుంటే ఆ వాసన మళ్లీ ఎక్కుతుందేమోనండీ" అంది. విప్పి, కూతురి చేతికిచ్చింది.

చాందిని దాన్ని ముఖానికి ఆనించుకుని చాలాసేపు ఉంది.

"నీ వాసనమ్మా" అని తిరిగి ఇచ్చేసింది.

దుర్గాదేవి చొక్కా పట్టుకుని పెరట్లోకి వెళ్లి, బకెట్లో సబ్బునీళ్లు కలిపి, దాన్ని నానబెట్టింది.