బడి గోడ మీది దొర తాత

కిరసనాయిలు వాసన ఈ రోజుల్లో ఏ ఇంట్లోనూ రాదు. మొన్న అటక మీంచి పాత దుప్పటి మూట దించి విప్పేసరికి ఆ వాసన, దాని అడుగున ఎండుచేపల వాసన గుప్పుమని, విశాఖ ఫ్లాటులో నిలబడ్డ నన్ను భోగాపురం అవతల సముద్రం ఒడ్డున మా మిషన్ బడి వరండాలో పడేశాయి. మూటలో ఉన్నది దొర తాత పటం.

ఆయన మాలో ఎవరికీ తాత కాడు. నూటయాభై ఏళ్ల కిందటి అమెరికా సెనేటరట. మా బడి ఆయన పంపిన డబ్బు చలవేనని పాత మిషనరీలు చెప్పి వెళ్లారు. చెంపల నిండా తెల్లటి గడ్డం, మెడకి నల్లగుడ్డ, మమ్మల్నెవర్నీ పట్టించుకోని చూపు. ఆ బడి ఊడ్చేది మా నాన్నని కన్న మామ్మ. క్రిస్మస్ ముందు బల్లెక్కి, కిరసనాయిల్లో తడిపిన కాగితంతో ఆవిడ ఆ అద్దం రుద్దుతుంటే, గోడకి వేసిన తడిసున్నం వాసన, పక్కిళ్ల అరిసెల పాకం వాసన, ఉప్పుగాలి అన్నీ కలిసిపోయేవి. ఊళ్లో ఎవరు కొత్త వల దింపినా మొదటి చేప ఆ పటం కింద పెట్టి, తర్వాత బడిపిల్లలకి పులుసు వండాలి. ఇది విగ్రహారాధన అని పాస్టరుగారు ఏటా కేకలేసేవారు.

"పూజేటి బాబూ? బడి కట్టిన పెద్దాయనకి సేప సూపిత్తన్నాం, అంతే" అనేది మామ్మ.

పులుసు ఉడికేదాకా పాస్టరుగారూ కదిలేవారు కాదు. మేమైతే పరీక్షల ముందు ఆ చట్రాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లం.

ఓ నాలుగేళ్ల కిందట, విమానాశ్రయం కోసం ఊరు ఖాళీ చెయ్యాలని కాగితాలొచ్చాయి. నేను వెళ్లగానే మామ్మ చెయ్యి పట్టుకుని బడికి లాక్కుపోయింది.

"ఒరే, ఈయన మనవలుంటారు కదా, ఆలకి ఉత్తరం రాయి. మీ తాత కట్టిన బడి లేపేత్తన్నారని సెప్పు. ఆలు ఊరుకోరు."

పటం వెనక సిరాతో ఆయన పేరుంది. అక్కడే నిలబడి ఫోనులో వెతికాను. అమెరికాలోని ఆదివాసులను వాళ్ల నేల మీంచి వెళ్లగొట్టే చట్టం కోసం పట్టుబట్టి ఓట్లు కూడగట్టినవాడట. ముసలీ ముతకా, పిల్లా జెల్లా చలిలో నడిచి పోయారట, దారిలోనే చాలామంది రాలిపోయారట. ఫోను జేబులో పెట్టేశాను.

"ఏటున్నాదిరా అందులో?"

"మంచోడే మామ్మా. రాస్తాలే."

తర్వాత రాశానని కూడా చెప్పాను, రాయలేదు. ఎవరికి రాయను, ఏమని రాయను? ఊరికి బదులుగా ఇచ్చిన, సముద్రం హోరు వినబడని కాలనీలో, సిమెంటు గదిలో, మామ్మ ఆ పటం ఒళ్లో పెట్టుకుని రెండేళ్లు బతికింది. ఫోను చేసినప్పుడల్లా అడిగేది, "ఉత్తరమొచ్చిందేటి?" వస్తాది అనేవాణ్ని. పోయే ముందురోజూ అడిగింది, ఆ రోజూ అదే అన్నాను.

ఇప్పుడు బడి లేదు, ఊరు లేదు, మొదటి చేప తెచ్చే మనిషీ లేడు. అద్దం మీద మామ్మ రుద్దిన గుండ్రటి చారలు మాత్రం ఉన్నాయి. నిజం చెప్పి ఉంటే ఆ పటాన్ని పొయ్యిలో పెట్టేదేమో, నా పక్కన కూలబడిపోయేదేమో. ఏడవడానికైనా ఇద్దరం ఉండేవాళ్లం. నేను ఆవిణ్ని ఒక్కత్తినే ఎదురుచూడనిచ్చాను.